గోడ అవతలి గుండె చప్పుడు

చాలామంది తమ తెలివితక్కువ పనులు నలుగురి కంటా పడకుండా చేసుకుంటారు. నాకా భాగ్యం లేదు. నేను చేసింది మైకులో చేశాను. రెండు పెద్ద బాక్సులు, చెట్టు కొమ్మలకు కట్టిన హారన్లు, వెనక జనరేటరు, ఇంత హంగుతో, వాగు అవతలి గూడేనికి కూడా వినబడేటట్టు చేశాను. ఆ రోజు ఒక పెళ్ళివారంతా విస్తళ్ళ ముందు నుంచి లేచి మరీ దండం పెట్టారు. దేనికి పెట్టారో ఇప్పుడే చెబితే మీరు నవ్వేసి మీ దారిన మీరు పోతారు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

నా పేరు జానీ. బూర్గంపాడులో మాది మైక్ సెట్టు, షామియానాల దుకాణం. మా అబ్బా, అంటే మా నాన్న, పెట్టింది. అడవి అంచు ఊళ్ళలో పెళ్ళి జరిగినా పండగ జరిగినా మా బాక్సులు మోగాల్సిందే. నా చెవి మీద నాకెంత గర్వమంటే, బజారులో నడుస్తూ నడుస్తూ ఎవరో ఇంట్లో ఫ్యాను చప్పుడు విని, "దీని బేరింగు పోయింది, నెల కూడా ఆగదు" అని చెప్పి వెళ్ళేవాణ్ణి. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి. గర్వం అంటే అదే కదా.

నా భార్య రజియాది ముదిగొండ దగ్గర మిరప చేల ఊరు. ఆ ఊరి మిర్చి ఏయే దేశాలకు పోతుందో నాకు తెలియదు గానీ, ఘాటులో కొంత మాత్రం పెళ్ళితోపాటు మా ఇంటికి వచ్చింది. అలాంటి మనిషి ఒక ఏడాదిగా మెత్తబడిపోయింది. అంతకుముందు మాకొకటి నిలవలేదు. మూడో నెల దాటకుండానే పోయింది. మళ్ళీ నెల తప్పాక ఆమె ఎవరికీ చెప్పనివ్వలేదు, మురిసిపోనివ్వలేదు. మా అమ్మీ పాత చీరలు చించి బొంత కుట్టడం మొదలుపెడితే, "ఇప్పుడే వద్దత్తమ్మా" అని సూదీ దారం తీసి దాచేసింది. దవాఖానాకు పోయి వచ్చిన రోజు సాయంత్రం దాకా కుదురుగా ఉండేది. మర్నాటికి మళ్ళీ అదే ప్రశ్న.

"లోపల మంచిగనే ఉన్నదంటవా?"

"ఉన్నది. నిన్ననే కదా డాక్టరమ్మ చెప్పింది."

"గది నిన్నటి మాట. ఇయ్యాల సంగతి చెప్పు."

నేనేం చెప్పను? ఊళ్ళో ఏ స్పీకరు ఎందుకు గరగరమంటోందో చెప్పగలను. అరచెయ్యంత దూరంలో, నా భార్య కడుపులో ఏం జరుగుతోందో చెప్పలేను. మొట్టమొదటిసారి నా చెవులు నాకు దండగనిపించాయి.

ఐదో నెలలో పెద్ద స్కాన్ చేయాలన్నారు. బిడ్డ తల, వెన్నుపూస, గుండె, కాళ్ళూ చేతులూ అన్నీ సరిగా ఏర్పడుతున్నాయో లేదో వరసగా చూస్తారట. వంతెన దాటి భద్రాచలం పోయాం. రజియా పేరు పిలిచారు. ఆమెతోపాటు నేనూ లేచాను.

"మీరెక్కడికి?" అంది స్కాన్ గది దగ్గరి సిస్టరమ్మ.

"బిడ్డ తండ్రిని సిస్టర్."

"తండ్రులంత బయటనే కూసుంటరు. ఆ బోర్డు చదువుండ్రి."

బోర్డు మీద ఇక్కడ ఆడా మగా చెప్పరు, అడగడం నేరం అని రాసి ఉంది.

"నేనది అడగను సిస్టర్. గుండె కొట్టుకునే చప్పుడు ఒక్కసారి విని పోత. మాది మైక్ సెట్టు," అన్నాను, అదేదో పెద్ద అర్హత అయినట్టు.

"మైక్ సెట్టయితే పెండ్లిల పెట్టుకో పో అన్నా," అని తలుపు వేసింది. ఆమె నోటి మాట ఏ ముహూర్తాన వచ్చిందో తర్వాత మీకే తెలుస్తుంది.

తలుపు పక్కనే బెంచీ. బెంచీ వెనక గోడ. దిగాలుగా కూర్చుని తల వెనక్కి ఆనించాను. అప్పుడు వినిపించింది.

గుబ్... గుబ్... గుబ్... గుబ్...

గబుక్కున తల తీశాను. చప్పుడు ఆగింది. మళ్ళీ ఆనించాను. గుబ్... గుబ్... గుబ్... ఒళ్ళంతా గగుర్పొడిచింది. గోడలకు చెవులుంటాయని అందరూ అంటారు. నేను గోడకే చెవి పెట్టినవాణ్ణి. మధ్య మధ్య సన్నగా నీళ్ళు కదిలినట్టు జలజలమని ఒక శబ్దం. ఉమ్మనీరు! బిడ్డ అందులోనే కదా ఈదేది! లోపల మిషను పెట్టారు, నా బిడ్డ గుండె మోగుతోంది, ఈ పాత గోడ ఆ చప్పుడును నాకోసం మోసుకొస్తోంది. నాకిక సందేహమే లేదు.

జేబులో కాలర్ మైకు ఎప్పుడూ ఉంటుంది. టేపు ముక్కతో గోడకు అతికించి, ఫోనుకు తగిలించి, కళ్ళు మూసుకుని రికార్డు చేశాను. పక్కన కూర్చున్న ముసలాయన కాసేపు చూసి, "ఏం టెస్టు బాబూ ఇది?" అని అడిగాడు. "గుండె టెస్టు," అన్నాను. ఆయన జాలిగా జరిగి, నాకు పడుకోవడానికి చోటిచ్చాడు.

చివర్లో చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది. గుబగుబగుబగుబ! నా గుండె కూడా దానితోపాటు పరుగెత్తింది. తర్వాత ఠక్కున ఆగింది. అదే సమయానికి తలుపు తీసుకుని రజియా బయటికి వచ్చింది. చూశారా, లెక్క ఎలా కుదిరిందో! మనిషిని ముంచాలనుకున్నప్పుడు దేవుడు కూడా తాళం తప్పకుండా వాయిస్తాడు.

రజియా ముఖంలో చాలాకాలం తర్వాత కాస్త వెలుతురు చూశాను.

"అన్ని మంచిగనే ఉన్నయన్నది డాక్టరమ్మ. తెర మీద చూపించింది. ఏలు నోట్ల పెట్టుకొని పండుకున్నది. ఎన్నుపూస ముత్యాల దండ లెక్కుంది."

"గుండె చప్పుడు ఇన్నవా?"

"లేదు. డాక్టరమ్మ చూసుకొని మంచిగుందన్నది, సౌండు పెట్టలే."

"నేను ఇన్న," అన్నాను, రొమ్ము విరుచుకుని.

"నువ్వెట్ల ఇంటవ్?"

"మైక్ సెట్టోణ్ణి చేసుకున్నవ్. కిరాణా కొట్టోణ్ణి కాదు."

వంతెన మధ్యలో బండి ఆపాను. ఎండాకాలపు గోదావరి ఇసుక తిన్నెల మధ్య సన్నగా పారుతోంది. రజియా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి బటన్ నొక్కాను. ఆమె ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. వంతెన కమ్మీ పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. లారీలు హారన్లు కొడుతూ పోతున్నా ఆమెకు వినిపించలేదు.

"ఇంత గట్టిగనా?" అంది చివరికి. "నాలోపల ఇంత జోరుగ నడుస్తుందా? నాకేం తెల్వనే తెల్వదు చూడు."

"ఆఖరుకు ఇంకా జోరు చేసింది. ఇన్నవా?"

"భయపడ్డదేమో. డాక్టరమ్మ గట్టిగ వత్తింది."

అంటే నా కథకు ఆమె సొంతంగా సాక్ష్యం కూడా కలిపింది. ఇంటికి వెళ్ళాక అమ్మీ విని, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అబ్బా విని, "బేసు మంచిగుంది," అన్నాడు. మా ఇంట్లో అంతకుమించిన మెచ్చుకోలు లేదు. రజియా దాచిన సూదీ దారం తానే తీసి అత్తకిచ్చింది. ఆ రోజునుంచి పడుకునే ముందు ఆ చప్పుడు వినడం, "ఉన్నది" అనుకోవడం, కళ్ళు మూసుకోవడం. నన్నిక ప్రశ్నలు అడగడం మానేసింది.

ఇక్కడితో ఆగి ఉంటే నేను మామూలు మూర్ఖుణ్ణిగా మిగిలిపోయేవాణ్ణి. కానీ సంతోషం పట్టలేనివాడి చేతిలో మైకు ఉండకూడదు.

కొద్ది రోజులకు అడవిలోపలి గూడెంలో ఒక పెళ్ళికి మా సెట్టు పోయింది. పెళ్ళికూతురు నాయనమ్మ లచ్చమ్మ అవ్వ. సన్నగా, నిటారుగా, ఊరందరినీ కనుసైగతో నడిపించే మనిషి. మా అబ్బా కాలం నుంచీ ఆ ఇంటికి మాదే మైకు. భోజనాల వేళ పాటలు ఆపి, ఒక మూల కూర్చుని నేను ఫోను చెవికి పెట్టుకుని నవ్వుకుంటుంటే ఆమె చూసింది.

"ఏంది కొడకా, ఒక్కనివే నవ్వుకుంటున్నవ్? ఎవలు మాట్లాడుతున్నరు?"

"నా బిడ్డ మాట్లాడుతుంది అవ్వా."

"నీకు బిడ్డ ఎక్కడున్నది? నీ పెండ్లాం ఎప్పుడు కన్నది?"

సంగతంతా చెప్పాను. అవ్వ ఫోను తీసుకుని చెవికి ఆనించుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నా చెవులకు ఇనపడ్తలేదు. గింత డబ్బలకెళ్ళి గింతే సప్పుడా?"

"పెద్దగ ఇంటవా అవ్వా?"

అడగకూడని మాట అడిగాను. "అవ్, పెట్టు," అంది ఆమె. చెయ్యకూడని పని చేశాను. బేసు పెంచి, ప్రతిధ్వని కాస్త కలిపి, వైరు తగిలించి, మైకందుకుని చెప్పాను: "పెద్దలారా, అమ్మలారా, మీరిప్పుడు వినబోయేది తల్లి కడుపుల ఉన్న ఐదు నెలల బిడ్డ గుండె చప్పుడు."

గుబ్... గుబ్... గుబ్... గుబ్...

మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ క్షణాన్ని మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్ళు ఝల్లుమంటుంది. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నవాళ్ళు అలాగే ఆగిపోయారు. డోలు కొట్టేవాళ్ళు తమ డోళ్ళమీద అరచేతులు ఆనించి శబ్దం రాకుండా పట్టుకున్నారు. చెట్లమీది పక్షులు లేచిపోయాయి. నేల అదిరేటట్టు ఆ చప్పుడు అడవిలోకి పోయి, తిరిగి వస్తోంది. ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చేతులు జోడించారు.

లచ్చమ్మ అవ్వ నడుచుకుంటూ వచ్చి బాక్సుమీద అరచెయ్యి పెట్టింది. అది కొట్టుకుంటుంటే ఆమె ముంజేతి మీది పచ్చబొట్లు కూడా అదురుతున్నాయి. తర్వాత ఒక ఆడమనిషి వచ్చి చెయ్యి పెట్టింది, తర్వాత ఇంకొకామె. చంకలో పిల్లను ఎత్తుకున్నామె ఆ పిల్ల చెయ్యి కూడా పెట్టించింది.

"ఎంతమందిని కన్న," అంది అవ్వ నెమ్మదిగా. "ఒక్కదాని సప్పుడన్న ఇనలే. అందరు గిట్లనే కొట్టుకున్నరన్నట్టు. బతికినోళ్ళు, బతకనోళ్ళు, అందరు."

పెళ్ళికొడుకు తమ్ముడు బాక్సుకు చెవి దగ్గరగా పెట్టి విని, "అన్నా, మధ్యల బకెట్ల నీళ్ళు కలిపినట్టు సప్పుడొస్తున్నదేంది?" అన్నాడు.

"ఉమ్మనీరు తమ్మీ," అన్నాను, ఎల్‌కేజీ పిల్లవాడికి చెప్పినట్టు. "బిడ్డ ఈత కొడుతుంది."

"ఈత కొడుతుందట!" అని ఆ మాట పందిరి చివరిదాకా పోయింది. చివర్లో జోరందుకున్నప్పుడు ఈలలు వేశారు. పోయేటప్పుడు రజియాకని సీసా నిండా పుట్టతేనె, మోదుగాకుల పొట్లంలో ఎండబెట్టిన ఇప్పపూలు కట్టి ఇచ్చారు. ఆ వారమంతా వాగు ఇరువైపులా గూడేల్లో నా బిడ్డ గుండె గురించే మాట. సారపాక మిల్లుకు పనికి పోయేవాళ్ళు దారిలో బండి ఆపి, "అన్నా, ఎట్లున్నది మీ ఈతగాడు?" అని పలకరించేవాళ్ళు. పుట్టకముందే ఇంత పేరు తెచ్చుకున్న బిడ్డ ఈ మండలంలో లేదని నేను ఊరంతా తిరిగాను.

ఆరో నెల చెకప్పు వచ్చింది. షుగరు పరీక్షకని రజియా చేత గ్లూకోజు నీళ్ళు తాగించి, రక్తం తీసేదాకా కదలకుండా కూర్చోమన్నారు. అదే బెంచీ. అదే గోడ. తియ్యటి నీళ్ళకు కడుపులో తిప్పుతోందని రజియా కొంగుతో విసురుకుంటూ వెనక్కి వాలింది. నేనూ వాలాను.

గుబ్... గుబ్... గుబ్... గుబ్...

నాకు ఎంత సంతోషం వేసిందంటే, "రజియా, ఇను! మన బిడ్డ!" అని ఆమె భుజం తట్టాను.

తట్టిన తర్వాత ఆలోచన వచ్చింది. గుండె గోడ అవతల కొట్టుకుంటోంది. బిడ్డ ఆమె కడుపులో ఉంది. ఆమె నా పక్కన ఉంది.

ఆలూ ఉంది, చూలూ ఉంది, గుండె చప్పుడే పరాయిది.

రజియా విసురుకోవడం ఆపింది. నా వంక చూడలేదు. గోడ వైపు తిరిగి చెవి ఆనించింది. మధ్యలో జలజలమని మా ఉమ్మనీరు కూడా వినిపించింది. చివర్లో జోరందుకుంది. ఠక్కున ఆగింది. బెంచీకి అవతలి వైపున్న మరో తలుపు తీసుకుని దవాఖానాలో పనిచేసే ఆయమ్మ ఒక టబ్బు నిండా తడి దుప్పట్లు మోసుకుంటూ వచ్చింది.

"అమ్మా, ఆ గదిల ఏముంటది?" అని రజియా అడిగింది. ఆ గొంతు నేనెప్పుడూ విననిది.

"బట్టలుతికే మిషినమ్మా. నేల మిట్టపల్లాలు, అది ఎగిరెగిరి గోడకు తాకుతది. నీకు సప్పుడుకు తలనొప్పి లేసిందా బిడ్డా?"

భూమి నన్ను మింగితే బాగుండుననుకున్నాను. పెళ్ళిలో దండం పెట్టినవాళ్ళ గురించి కాదు. వాళ్ళను ఎలాగో తప్పించుకు తిరగొచ్చు. ఇన్ని రోజులుగా రజియా దేన్ని విని నిద్రపోతోందో అది నా చేతులతో నేనే లాగేశాను. ఇప్పుడామెకు మళ్ళీ ఆ భయం పట్టుకుంటే?

ఆమె లేచింది. నడుము పట్టుకుని నెమ్మదిగా నడిచి ఆ గది గుమ్మందాకా పోయింది. లోపల గోడకు ఆనుకుని ఆ తెల్లటి మిషను. రజియా దాన్ని కింది నుంచి పైదాకా చూసింది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"అంటే... నేను ఇన్ని దినాలు జోకొట్టుకున్నది దీన్నా?"

"రజియా, నేను..."

"నా బిడ్డ ఈత కొడుతుందని ఊరందరికి చెప్పినవ్."

"అవ్... చెప్పిన..."

"మరి దుప్పట్లు ఈత కొట్టినయా?"

పెదవి బిగించింది. ఏడుస్తుందనుకున్నాను. భుజాలు అదిరాయి. ఏడవడం కాదు, నవ్వు! ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత గొంతులోంచి, తర్వాత గుమ్మం పట్టుకుని వంగిపోయి, ఊపిరాడక, కళ్ళనీళ్ళు కారేదాకా. మా పెళ్ళయ్యాక ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. ఆయమ్మకు ఏమీ అర్థంకాక ఆమె కూడా నవ్వింది. అంతలో రజియా నవ్వు ఆపి "అమ్మో" అంది. నా చెయ్యి లాగి పొట్టమీద పెట్టుకుంది.

నా అరచేతి కింద ఏదో మెదిలింది. చేపపిల్ల తోక కొట్టినట్టు. మళ్ళీ కొట్టింది. ఆమెకు అప్పటికే అడపాదడపా తెలుస్తోంది గానీ నా చేతికి అందడం అదే మొదలు. గోడ కాదు, వైరు కాదు, బాక్సు కాదు. అవతల ఒక మనిషి.

"నవ్వుతుంటే నిద్ర లేసింది," అంది రజియా గుసగుసగా.

సిస్టరమ్మ లోపలికి పిలిచింది. ఈసారి నన్నూ రానిచ్చింది, బహుశా నా ముఖం చూసి. రజియాను పడుకోబెట్టి, పొట్టమీద కాస్త జిగురు రాసి, అరచేతిలో పట్టే చిన్న మిషను ఆనించింది. ముందు గరగర. తర్వాత గాలి. తర్వాత...

నా దుకాణంలో అన్ని చప్పుళ్ళూ విన్నాను. డప్పులు, కొమ్ములు, బ్యాండు మేళాలు, పిడుగులకు కాలిపోయిన స్పీకర్లు. ఇలాంటిది వినలేదు. అది గుబ్ గుబ్ కాదు. అంత నింపాదిగా లేనేలేదు. ఏదో చిన్న జంతువు ఎండుటాకుల మీద పరుగెత్తుతున్నట్టు, ఎక్కడికో అందుకోవాల్సిన తొందర ఉన్నట్టు, ఆగకుండా, అలవకుండా.

"గింత జోరేంది సిస్టర్?" అన్నాను భయపడి.

"గిట్లనే ఉండాలె అన్నా. మంచిగుంది."

రజియా కళ్ళు మూసుకుని పడుకుంది. కళ్ళ కొసలనుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. చప్పుడు ఆగిపోయాక, బయటికి వచ్చాక, వంతెన కూడా దాటాక గుర్తొచ్చింది, నేను రికార్డు చేయలేదని. చేతిలో ఫోను ఉంది. మైకు జేబులో ఉంది. నాకు ఆ ధ్యాసే లేదు.

ఇక గూడేనికి ఎలా పోవాలి? లచ్చమ్మ అవ్వ మా రజియాకు మళ్ళీ తేనె పంపిందని తెలిసి ఉండబట్టలేక వెళ్ళాను. పందిరి గుంజకు ఆనుకుని, చెప్పులు విడవకుండా, పారిపోవడానికి సిద్ధంగా నిలబడి చెప్పాను.

"అవ్వా, మొన్న మీరు దండం పెట్టింది... బిడ్డకు కాదు. బట్టలుతికే మిషినుకు."

అవ్వ చేస్తున్న పని ఆపింది.

"బట్టలుతికే మిషినా?"

"అవ్ అవ్వా."

"పెండ్లికొడుకు తమ్ముడు అడిగిండు కదా, నీళ్ళ సప్పుడేందని?"

"అడిగిండు."

"నువ్వు ఈత అన్నవ్ కదా?"

"అన్న అవ్వా."

ఆమె పళ్ళు లేని నోరు తెరిచి నవ్వింది. ఇరుగుపొరుగును పిలిచి చెప్పింది, వాళ్ళు నవ్వారు. వాళ్ళు వాళ్ళ ఇరుగుపొరుగును పిలిచి చెప్పారు. నా బిడ్డ గుండె చప్పుడు వాగు దాటడానికి జనరేటరు కావలసి వచ్చింది. నా పరువు మాత్రం కరెంటు లేకుండానే దాటింది. నవ్వులన్నీ అయ్యాక అవ్వ కళ్ళు తుడుచుకుని అంది:

"మిషిని సప్పుడుకే నా పానం గట్ల జలదరించిందంటే, అసలు బిడ్డది ఎట్లుంటదో కొడకా! మల్ల ఎప్పుడు పోతరు దవాఖానకు? నేనొస్త."

వచ్చింది. తర్వాతి చెకప్పుకు ఉతికిన చీర కట్టుకుని, కొత్త పెళ్ళికూతురును వెంటబెట్టుకుని మాకంటే ముందే గేటు దగ్గర నిలబడి ఉంది. "ఈమె ఎవరు?" అంది సిస్టరమ్మ. "మా అవ్వ," అంది రజియా, ఇంకేమీ ఆలోచించకుండా. సిస్టరమ్మ ఆమెను మంచం పక్కన నిలబెట్టి, మిషను శబ్దం పెంచింది.

అవ్వ వంగి వింది. తల ఒక పక్కకు వాల్చి, అడవిలో దూరపు అలికిడి వినేటట్టు వింది. ఆమె వేళ్ళు రజియా వేళ్ళను వెతికి పట్టుకున్నాయి.

"ఉరికొస్తున్నది," అంది. "తొవ్వల ఉన్నది బిడ్డా. మన దిక్కే ఉరికొస్తున్నది."

సిస్టరమ్మకు ఆ రోజు ఎందరినో చూడాల్సి ఉంది. అయినా ఆమె మిషను తీయకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

కాన్పు వానాకాలంలో పడుతుందని, గోదావరి పొంగి మా ఊరి దారి మునిగితే కష్టమని, ముందే వచ్చి భద్రాచలంలో ఉండమని డాక్టరమ్మ చెప్పింది. కావలసినవి సర్దుకోమంది. అమ్మీ మెత్తటి పాత బట్టలు, బొంతలు సర్దింది. నేను కూడా నా వంతుగా ఒక సంచి సర్దాను. రజియా విప్పి చూస్తే అందులో ఎక్స్‌టెన్షన్ బాక్సు, టెస్టరు, ఇన్సులేషన్ టేపు ఉన్నాయి.

"నేను కనబోతున్ననా, ఊరేగింపు పోతున్ననా?" అంది. మిరప ఘాటు తిరిగి వచ్చిందని ఎంత సంతోషించానో చెప్పలేను.

చుట్టాల ఇంట్లో దిగిన కొన్నాళ్ళకే వరద వచ్చింది. ఇసుక తిన్నెలు కనబడకుండా పోయి, వంతెన కింద గోదావరి ఎర్రగా, చెట్లను మోసుకుంటూ పోతోంది. ఆ వానలోనే ఒక ఉదయం రజియాకు నొప్పులు మొదలయ్యాయి. దవాఖానా రెండు వీధుల అవతలే. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టారు. ఏడుస్తోంది. ఎంత పెద్ద గొంతని! మా దుకాణంలో ఏ హారనూ దానికి సాటి రాదు. పుట్టిన బిడ్డ చెవిలో మొట్టమొదట అజాన్ మాటలు మెల్లగా చెప్పడం మా ఇళ్ళలో ఆచారం. "నువ్వే చెప్పు," అన్నాడు అబ్బా.

ఇన్నేళ్ళు వేలమందికి వినబడేటట్టు మాట్లాడినవాణ్ణి, ఒక్క మనిషికి, అదీ నా బొటనవేలంత చెవికి వినబడేటట్టు మాట్లాడాలి. గొంతు సవరించుకున్నాను. వంగి, ఆ చెవి దగ్గర నోరు పెట్టాను. భయంలో మనిషికి చదువు గుర్తుకు రాదు, అలవాటు గుర్తుకొస్తుంది. నా నోటివెంట వచ్చిన మొదటి మాటలు ఇవి:

"హలో... హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ..."

అబ్బా నా వీపుమీద ఒక్కటి వేశాడు. అమ్మీ చేత్తో నోరు మూసుకుంది. లోపల మంచంమీదినుంచి, అంత నీరసంలోనూ, రజియా నవ్వు వినిపించింది. బిడ్డ మాత్రం ఏడుపు టక్కున ఆపి, కళ్ళు విప్పి నన్ను చూసింది. ఎవరీయన అన్నట్టు చూసింది. ఆ తర్వాత నేను చెప్పాల్సిన మాటలు చెప్పాను. నా జీవితంలో అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. అంత నిజంగానూ మాట్లాడలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆంప్లిఫయరు మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో గోడ అవతల ఏముందో చూడకుండా ఏ చప్పుడునూ మైకులో పెట్టను. దుప్పట్లకు ఈత వచ్చని ఎవరికీ చెప్పను. అన్నిటికంటే ముఖ్యంగా, ఎప్పుడూ ఏ పసిబిడ్డ చెవిలోనూ వన్ టూ త్రీ అనను. అనే అవకాశం కూడా నాకిక లేదు. ఆ మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో టెస్టింగు చేస్తున్నది నా కూతురు. మోగుతున్నది నేను.